మద్రాసును కాల్చిన ఎమ్డెన్‌ను మీ బల్ల మీద కట్టడం ఎలా

పెట్టె విప్పకముందే ఒక చిన్న కాగితం ముక్క మీద ఒక తేదీ రాసి, మీరు పని చేసే బల్లకు ఎదురుగా గోడకు అంటించండి. నా కాగితం మీద ఉన్నది: 1914 సెప్టెంబరు 22, రాత్రి.

ఇదేం చాదస్తం అనుకోకండి. యుద్ధనౌక నమూనా కట్టేటప్పుడు జిగురు, రంగు, దారం చేతికి మెల్లగా అలవాటవుతాయి. చాలామంది నమూనాలు అందంగా ఉండి కూడా ఎక్కడో పొసగనట్టు కనిపించడానికి కారణం వేరే ఉంది. ఓడ ఎప్పుడూ ఒక్కలా ఉండదు. జులైలో తెల్లగా మెరిసేది సెప్టెంబరుకల్లా బూడిదరంగులో, బొగ్గు మసితో ఉంటుంది. ఒకే నమూనాలో జులై రంగు, సెప్టెంబరు మసి, నవంబరు తుప్పు కలిపితే అది ఏ రోజూ లేని ఓడ అవుతుంది. తేదీ ఖాయమైతే రంగు ఏది, మురికి ఎంత, పొగగొట్టాలు ఎన్ని అన్న ప్రశ్నలకు జవాబు దానంతటదే వస్తుంది.

ఎమ్డెన్ కథ మనవాళ్లు కొందరికైనా తెలిసే ఉంటుంది. జర్మనీ వాళ్ల తేలికపాటి క్రూయిజర్, అంటే వేగంగా తిరిగే యుద్ధనౌక. డాన్‌జిగ్‌లో కట్టారు, 1908లో నీళ్లలోకి దించారు, 1909లో నౌకాదళంలో చేరింది. చైనా తీరంలోని చింగ్‌తావ్ దాని స్థావరం. మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ దాన్ని ఒంటరిగా బంగాళాఖాతంలోకి తెచ్చి, బ్రిటిష్ సరుకు ఓడలను ఒకదాని తర్వాత ఒకటి పట్టుకున్నాడు. సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవు ముందుకొచ్చి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద గుండ్లు కురిపించాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పటికి రాజధాని మద్రాసే. ఊరు వదిలి లోపలికి పారిపోయిన జనం చాలామంది. గుండు పడిన చోట హైకోర్టు గోడ దగ్గర ఇప్పటికీ శిలాఫలకం ఉంది. తమిళంలోనైతే గడుసువాణ్ని, జడిపించేవాణ్ని ‘ఎమ్డెన్’ అనే పిలుస్తారు.

ఈ ఓడకు 1/350 కొలతలో, అంటే అసలు ఓడలో 350వ వంతు సైజులో, రెవెల్ కంపెనీ ప్లాస్టిక్ కిట్ ఉంది. దాన్ని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను. వేరే యుద్ధనౌక కడుతున్నా పని క్రమం ఇదే.

తేదీ ఎంచుకోవడం

ఎమ్డెన్‌కు మూడు మంచి తేదీలున్నాయి. మొదటిది 1914 వేసవి, యుద్ధానికి ముందు: తెల్లటి హల్ (ఓడ ఒళ్లు), పైకట్టడాలూ పొగగొట్టాలూ పసుపుపచ్చ గోధుమరంగు. ‘తూర్పు హంస’ అని పేరు తెచ్చిన వేషం ఇదే. చూడముచ్చటగా ఉంటుంది, కానీ తెల్లరంగంత మొండిది ఇంకొకటి లేదు. ప్రతి వేలిముద్రా, ప్రతి అతుకూ బయటపడుతుంది. మొదటి ఓడకు ఇది వద్దు.

రెండోది సెప్టెంబరు, అక్టోబరు: ఒళ్లంతా బూడిదరంగు, సముద్రం మీద వారాల తరబడి తిరిగిన అలసట. కొత్తవాళ్ల తప్పుల్ని బూడిదరంగు దాచిపెడుతుంది, మసి ఇంకా బాగా దాచిపెడుతుంది. మూడోది నవంబరు 9: ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ చేతిలో దెబ్బతిని, పొగగొట్టాలు కూలి, ముందరి మాస్ట్ (స్తంభం) పడిపోయి, నార్త్ కీలింగ్ దీవి దిబ్బ మీదకెక్కిన ఓడ. అది నాలుగైదు ఓడలు కట్టిన చేతులకు.

350తో భాగించడం

ఇంకో కాగితం మీద కొన్ని లెక్కలు రాసుకోండి. ఎమ్డెన్ పొడవు 118.3 మీటర్లు, మీ బల్ల మీద 33.8 సెంటీమీటర్లు. వెడల్పు 13.5 మీటర్లు, అంటే 3.9 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అయిదడుగుల ఏడంగుళాల మనిషి అయిదు మిల్లీమీటర్లు, ఇంచుమించు సోనా మసూరి బియ్యపు గింజ. నడుము ఎత్తు రెయిలింగ్ మూడు మిల్లీమీటర్లు. మద్రాసు ముందు సుమారు 3,000 గజాల దూరం నుంచి కాల్చాడు కదా, ఆ దూరం దాదాపు ఎనిమిది మీటర్లు. ఓడ మీ హాల్లో ఉంటే చమురు ట్యాంకులు వంటింట్లో ఉంటాయన్నమాట.

ఈ లెక్క సరదాకి కాదు. తల వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటర్లు. ఓడ మీద అది రెండున్నర సెంటీమీటర్ల ఉక్కు మోకు. మామూలు కుట్టు దారం అయితే మనిషి తొడంత లావు కాకపోయినా మణికట్టును మించుతుంది. కుంచెతో దట్టంగా వేసిన రంగు 0.1 మిల్లీమీటరు మందమున్నా అసలు ఓడకు మూడున్నర సెంటీమీటర్ల లప్పం కొట్టినట్టే. ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా ముందు దాన్ని 350తో హెచ్చించి చూడండి. సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

వీలైతే అసలు ఓడ పక్కన ఒకసారి నిలబడి రండి. విశాఖలో ఉంటే ఆర్కే బీచ్‌లో కురుసుర ఉంది. అది జలాంతర్గామి, 91 మీటర్లే, ఎమ్డెన్ దానికంటే ఇంకో 27 మీటర్లు పొడవు. అంత లోహం పక్కన మనిషి ఎంతవుతాడో కంటికి తెలుస్తుంది. అయితే మ్యూజియం రంగు చూసి మోసపోకండి, అది కొత్త పూత. ఉప్పునీళ్లు ఇనుమును ఏం చేస్తాయో చూడాలంటే ఫిషింగ్ హార్బర్‌కి పోవాలి. లంగరు గొలుసు బయటికొచ్చే కంత దగ్గర తుప్పు ఎలా చారలు కట్టి కిందికి దిగుతుందో, నీటి అంచున పచ్చటి నాచు ఎంతవరకు పడుతుందో ఫోన్లో ఫొటోలు తీసుకోండి. తర్వాత పనికొస్తాయి.

సామాను

ఎక్కువ అక్కర్లేదు. ముక్కలు కత్తిరించే సైడ్ కట్టర్, సన్న బ్లేడు కత్తి, సూదిమొన ట్వీజర్లు రెండు, 400 నుంచి 1000 దాకా వాటర్ పేపర్, పలుచని ప్లాస్టిక్ సిమెంటు, సూపర్ గ్లూ, ఫెవికాల్, 0.3 నుంచి 1 మిల్లీమీటరు దాకా డ్రిల్ బిట్లు, వాటిని వేళ్లతో తిప్పే పిన్ వైస్. కుంచెల్లో మాత్రం పిసినారితనం వద్దు, ఒక్క మంచి సన్న కుంచె పది చవక కుంచెలకు సాటి. ఎయిర్‌బ్రష్ ఉంటే హాయి, లేకపోతే స్ప్రే డబ్బాలతో బండి నడుస్తుంది.

ఒక పాత లుంగీ కూడా. ఒక అంచు బల్లకు క్లిప్పులతో బిగించి, రెండో అంచు ఒళ్లో పరుచుకోండి. ట్వీజర్ నుంచి ఎగిరే ముక్క నేల మీద పడకుండా ఒడిలో పడుతుంది. నేల మీద పడ్డ రెండు మిల్లీమీటర్ల ముక్కను వెతికి పట్టుకున్న సంఘటన నా జీవితంలో ఒక్కటే ఉంది, అదీ కాలికి గుచ్చుకుంటే.

హల్

ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేములన్నీ గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టండి. అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు ప్లాస్టిక్ మీద ఉంటే రంగు పట్టదు.

హల్ రెండు సగాలుగా ఉంటుంది. జిగురు ముట్టకముందు రెండూ కలిపి రబ్బరు బ్యాండ్లతో పట్టి, డెక్ కూడా పైన పెట్టి చూడండి. ఏ సగమైనా వంకర తిరిగి ఉంటే, చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో, మరుగుతున్న నీళ్లలో మాత్రం కాదు, ఒక నిమిషం ఉంచి, మెల్లగా సరిచేసి, వెంటనే చల్లనీళ్లలో ముంచండి. డెక్ కూర్చోని హల్‌ను జిగురుతో బలవంతాన కూర్చోబెడితే, ఆర్నెల్ల తర్వాత ఒక వేసవి మధ్యాహ్నం దానంతట అదే టక్కుమని విచ్చుకుంటుంది.

అతికేటప్పుడు ఓడ ముందు కొస నుంచి మొదలుపెట్టండి. మన జాలర్ల భాషలో అణియం. వెనక కొస, అమరం, చివర్న. ఎమ్డెన్ అణియం నీటి కింద ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, చూపరుల కన్ను మొదట పడేది అక్కడే, అతుకు కనిపించకూడనిదీ అక్కడే. పలుచని సిమెంటు కుంచెతో అతుకు మీద తాకిస్తే చాలు, లోపలికి దానంతటదే పాకుతుంది. అప్పుడు రెండు సగాలనూ గట్టిగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నని గీతలా పైకి ఉబుకుతుంది. దాన్ని తుడవకండి. ఒక రోజంతా వదిలేసి, తర్వాత చెక్కి 400, 600 కాగితాలతో తడిపి రుద్దండి. సగం అతుకులకు లప్పమే అక్కర్లేకుండా పోతుంది. మిగిలిన చోట మోడల్ పుట్టీ పెట్టి, ఆరాక రుద్దండి. అద్దం ముందు కాదు, ట్యూబ్‌లైటు వెలుగు ఏటవాలుగా పడేట్టు పెట్టి చూడండి. గోటితో గీసి చూస్తే ఇంకా నిజం తెలుస్తుంది.

నీటి అడుగు భాగం ఉంచాలా, నీటిగీత దగ్గర కోసేసి సముద్రం మీద పెట్టాలా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. స్టాండు మీద నిలబెట్టేట్టయితే అడుగున రెండు బోల్టులకు కంతలు వేసి, లోపల నట్లను ఎపాక్సీతో బిగించాకే డెక్ మూసేయండి. హల్ మూసుకున్నాక లోపలికి పోయే దారి ఉండదు.

అడుగు ఉంచేవాళ్లకు ఒక హెచ్చరిక. ఎమ్డెన్, దాని జంట ఓడ డ్రెస్డెన్ పైకి కవలల్లా ఉన్నా అడుగున వేరు. డ్రెస్డెన్‌లో టర్బైన్లు, నాలుగు ప్రొపెల్లర్లు. ఎమ్డెన్‌లో పాతకాలపు పిస్టన్ ఇంజన్లు, రెండే ప్రొపెల్లర్లు. ఇంటర్నెట్‌లో కనిపించే నమూనాల ఫొటోలు చూసి గుడ్డిగా నాలుగు బిగించకండి.

ముక్కలుగా కట్టి, ముక్కలుగా రంగేయడం

అన్నీ అతికించి ఆఖర్న రంగేద్దామనుకుంటే తుపాకుల వెనక, పడవల కింద కుంచె దూరదు. పది చిన్న భాగాలుగా విడగొట్టుకోండి: హల్, డెక్, వంతెన (ఓడను నడిపే అరుగు), మూడు పొగగొట్టాలు, రెండు మాస్టులు, తుపాకులు, పడవలు. ఒక్కోదాన్ని ఒక టూత్‌పిక్కో, మందు సీసా మూతో అంటించి చేతికి పట్టుకునేట్టు చేసుకోండి. అతుక్కోవాల్సిన చోట్ల మాస్కింగ్ టేపు ముక్క వేస్తే తర్వాత జిగురు ప్లాస్టిక్‌ను పడుతుంది, రంగును కాదు.

రంగు పట్టడానికి ముందు వేసే పూత, ప్రైమర్, తప్పనిసరి. మోటారు విడిభాగాల షాపుల్లో దొరికే స్ప్రే ప్రైమరు కొన్ని ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి, ముందు ఖాళీ ఫ్రేము ముక్క మీద కొట్టి ఒక రాత్రి ఆగి చూడండి. 20, 25 సెంటీమీటర్ల దూరం నుంచి, చెయ్యి ఆపకుండా, ఓడ బయటే మొదలుపెట్టి ఓడ దాటాకే ఆపుతూ పలుచగా రెండు మూడు సార్లు. ఒక్కసారికే కప్పేయాలన్న తొందర పుట్టినప్పుడు మూడున్నర సెంటీమీటర్ల లప్పం గుర్తు తెచ్చుకోండి.

తీరప్రాంతం వాళ్లకు ఒక మాట. వానాకాలంలో, ఉక్కపోత రోజుల్లో స్ప్రే ముట్టుకోవద్దు. ఆగస్టులో ఒక సాయంత్రం నేను మ్యాట్ వార్నిష్ కొట్టాను. పది నిమిషాల్లో ఓడంతా పిండి చల్లినట్టు తెల్లబడింది. గాలిలో తడి పూతలో చిక్కుకుపోతే అంతే. ఉదయం పది తర్వాత, ఎండ కాసే రోజు, తలుపులు తీసిన గదిలో, ముక్కుకు మాస్కుతో చేయండి.

బూడిదరంగు డబ్బాలో ఉన్నట్టే వాడకండి. పదో వంతు తెలుపు కలపండి. చిన్న వస్తువు మీద అదే రంగు కంటికి ముదురుగా కనిపిస్తుంది. నమూనాను మీటరు దూరం నుంచి చూడటమంటే అసలు ఓడను 350 మీటర్ల నుంచి చూడటం, అంత దూరంలో గాలి రంగును కొంచెం పలుచబరుస్తుంది. హల్‌కు ఒక బూడిద, పైకట్టడాలకు దానికంటే ఒక చుక్క తెలుపు ఎక్కువున్న బూడిద వేస్తే, వేరు రంగు అని ఎవరూ కనిపెట్టరు గానీ ఓడకు బరువు వస్తుంది.

డెక్ మీద పలకల గీతలున్న చోట మొత్తం ఒకే గోధుమరంగు వేసి వదిలేస్తే లినోలియం పరిచినట్టుంటుంది. ముందు లేత చెక్కరంగు వేసి, ఆరాక సన్న కుంచెతో పది పలకల్లో రెండింటికి కొంచెం ముదురు, ఒకదానికి కొంచెం బూడిద. టేకు కొత్తలోనే పసుపు, ఉప్పుకూ ఎండకూ బూడిద తిరుగుతుంది. గీతల్లేని చోట్లకు కిట్టు కాగితంలో చెప్పిన రంగే వేయండి.

తుపాకులు, పొగగొట్టాలు

ఎమ్డెన్‌కు 10.5 సెంటీమీటర్ల తుపాకులు పది. ముందు రెండు పక్కపక్కన, వెనక రెండు పక్కపక్కన, మధ్యలో ఒక్కో వైపు మూడేసి. అసలు తుపాకీ ఎలా ఉంటుందో చూడాలంటే సిడ్నీలోని హైడ్ పార్కులో ఒకటి ఉంది, ఎమ్డెన్ నుంచి తెచ్చి పెట్టినది. అక్కడ మన తెలుగువాళ్లకు కొదవ లేదు, ఎవరైనా బంధువులుంటే నాలుగు పక్కల నుంచీ ఫొటోలు అడగండి.

గొట్టం కొస కంత 350తో భాగిస్తే సరిగ్గా 0.3 మిల్లీమీటర్లు. ముందు సూదితో కొస నడిమిన చిన్న గుంట పెట్టి, పిన్ వైస్‌ను రెండు వేళ్ల మధ్య నాలుగైదు చుట్లు తిప్పితే చాలు, లోతు అక్కర్లేదు. పదింటిలో రెండు పక్కకు పోతాయి. వాటిని వెనకవైపు పెట్టండి.

పొగగొట్టాల పైకొస ప్లాస్టిక్‌లో దిమ్మలా మందంగా ఉంటుంది. గుండ్రటి ఆకురాయితో లోపలి నుంచి అంచును పలుచన చేసి, లోపల నల్లరంగు వేయండి. ఈ ఒక్క పనికి పట్టే అరగంట, ఎన్ని రెయిలింగులు పెట్టినా రాని ప్రాణం తెస్తుంది.

ఇక ఎమ్డెన్ కట్టేవాళ్లకు మాత్రమే దక్కే సరదా: నాలుగో పొగగొట్టం. ముల్లర్ కింది అధికారి హెల్‌ముట్ ఫాన్ మ్యుకె సలహాతో కాన్వాసుతో ఒక దొంగ పొగగొట్టం లేపి, నాలుగు గొట్టాల బ్రిటిష్ క్రూయిజర్ యార్మత్‌లా కనిపించేవాళ్లు. అక్టోబరు 28 తెల్లవారకముందు పెనాంగ్ రేవులోకి ఆ వేషంతోనే దూరి రష్యా క్రూయిజర్ జెమ్‌చుగ్‌ను ముంచారు. దీన్ని చేయడం తేలిక. సిగరెట్ పెట్టెలోని పలుచని కాగితాన్ని మిగతా గొట్టాల కొలతకు చుట్టి, ఫెవికాల్‌తో అంచు అతికి, ఇంకా తడిగా ఉండగానే రెండు మూడు చోట్ల వేలితో కాస్త నొక్కండి. కాన్వాసు కదా, ఇనుములా నున్నగా నిలబడకూడదు. రంగు కూడా పక్కవాటికంటే ఒక పిసరు తేడాగా. నేను దాన్ని ముందరి మాస్టు వెనక, మొదటి గొట్టానికి ముందు నిలబెట్టి చూసుకున్నాను. జిగురు మాత్రం పెట్టలేదు.

ఫొటో-ఎచ్: మొదట ఫ్యాను ఆపండి

రెయిలింగులు, నిచ్చెనలు, క్రేన్ల జల్లెడలు పలుచని ఇత్తడి రేకులో విడిగా అమ్ముతారు, ఫొటో-ఎచ్ అంటే ఇవే. ఓడ బొమ్మను ఓడగా మార్చేది ఇదే, మనిషి ఓర్పును పరీక్షించేదీ ఇదే.

రేకును కోయడానికి కింద పింగాణీ టైలు ముక్క పెట్టుకోండి. మెత్తటి మ్యాటు మీద కోస్తే ముక్క వంగుతుంది. వంచాల్సిన ముక్కను స్టీలు స్కేలు కింద అదిమి, రెండో బ్లేడుతో కింది నుంచి ఒక్కసారిగా లేపండి, వేళ్లతో వంచితే అలలు వస్తాయి. గుండ్రంగా తిరగాల్సినవి ఉంటే కొవ్వొత్తి మంట మీద రెండు క్షణాలు చూపి చల్లారనివ్వండి, ఇత్తడి మెత్తబడి మాట వింటుంది. రెయిలింగులకు మాత్రం మంట వద్దు, మెత్తబడితే ఊపిరి తగిలినా వంగుతాయి.

రెయిలింగును ముందు డెక్ అంచు పక్కన ఆనించి కొలిచి, ఒక గుంజ దగ్గరే కోయాలి, మధ్యలో కాదు. అతికించడానికి నేను మొదట ఫెవికాల్ వాడతాను: అంచు వెంట సన్నగా రాసి, రెయిలింగ్ నిలబెట్టి, ఓడ అమరం వైపు నుంచి ఒక కన్ను మూసి చూసి, వంకరుంటే సరిచేస్తాను. అయిదు నిమిషాల గడువు ఇస్తుంది అది. పూర్తిగా ఆరాక, గుంజల అడుగున అక్కడక్కడా సూదిమొనతో సూపర్ గ్లూ చుక్క. మొదటి నుంచీ సూపర్ గ్లూ వాడితే వంకరైనా అదే శాశ్వతం. రెయిలింగులకు రంగు రేకులో ఉండగానే స్ప్రే చేసుకోవాలి. నా రెండో ఓడకు ముందు అన్నీ అతికించేసి, ఆపైన డెక్‌కు కుంచెతో రంగేయబోయాను. మూడు మిల్లీమీటర్ల కంచె లోపలి నుంచి డెక్‌కు రంగేయడం బావిలోకి చెయ్యి పెట్టి ముగ్గేయడమే.

కొన్ని పెట్టెల్లో వందల ఇత్తడి ముక్కలుంటాయి. అన్నీ వాడాలని లేదు. తలుపుల గడియలు, మూడు పొరల కిటికీ చట్రాలు లాంటివి కంటికి ఆనవు, పైగా రంగు పడితే ముద్దలవుతాయి. ఆకాశం అంచున నిలిచేవి, అంటే రెయిలింగులు, మాస్టు మీద నిచ్చెనలు, సెర్చిలైటు అరుగుల కంచెలు పెడితే చాలు.

మసి, ఉప్పు, తుప్పు

ఇప్పుడు గోడ మీది కాగితం చూడండి. సెప్టెంబరు 22 నాటికి ఎమ్డెన్ చింగ్‌తావ్ వదిలి ఆరు వారాలు దాటింది. పన్నెండు బాయిలర్లకూ బొగ్గే తిండి. బొగ్గు ఓడను పక్కకు తెచ్చుకుని సముద్రం మీదే కళాసీలు బస్తాలు మోసేవాళ్లు, పక్కనున్న ఓడ రాసుకుని హల్ సొట్టలు పడేది, డెక్ మీద కూడా బొగ్గు పోసుకునేవాళ్లు. అంటే ఈ ఓడకు మసి ఎక్కువ, తుప్పు తక్కువ. పెయింటు కొత్తది, ఆరు వారాల్లో ఓడ తుప్పు ముద్ద కాదు. నమూనాలు కట్టేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది ఇక్కడే చెయ్యి జారుస్తారు. నారింజరంగు తుప్పు చూడ్డానికి బావుంటుంది కాబట్టి ఓడంతా పూసేస్తారు.

పని క్రమం: ముందు నిగనిగలాడే వార్నిష్ ఒక పూత. చిత్రకారుల ఆయిల్ రంగుల్లో నలుపు, ముదురు గోధుమ కలిపి, టర్పెంటైన్‌లో టీ డికాక్షన్ అంత పలుచగా చేసి, మూలల్లో, కిటికీ గుంటల చుట్టూ తాకించండి. అరగంట ఆగి, టర్పెంటైన్‌లో తడిపి పిండిన కుంచెతో పైనుంచి కిందికి లాగండి. అడ్డంగా వద్దు, వాన కిందికే కురుస్తుంది. లంగరు కంతల కింద మాత్రం తుప్పు చార ఒకటి, హార్బర్ ఫొటో చూసి. నీటిగీతకు పైన లేత బూడిద తెలుపుతో ఉప్పు మరక. ఆరాక మ్యాట్ వార్నిష్.

బొగ్గుకు వంటింటికి పోనక్కర్లేదు, డ్రాయింగ్ చార్‌కోల్ కడ్డీని గరుకు కాగితం మీద రుద్దితే మెత్తటి పొడి వస్తుంది. తుపాకుల మధ్య డెక్ మూలల్లో పొడికుంచెతో అద్దండి. ఒకటి రెండు చోట్ల చిన్న గుట్టలు కావాలంటే నలిపిన కడ్డీ నలుసులు, నీళ్లు కలిపిన ఫెవికాల్ చుక్కతో. పొగగొట్టాల పైభాగం మీద, వాటి వెనక మాస్టు మీద మసి కొంచెం ఎక్కువే ఉండనివ్వండి.

దారాలు

అన్నిటికంటే ఆఖరు ఇది. దారాలు కట్టాక ఓడను ముట్టుకునే చోటు ఉండదు.

దారం కొనకండి, లాగండి. కిట్టు ఫ్రేములోంచి పదిహేను సెంటీమీటర్ల కడ్డీ కోసి, కొవ్వొత్తి మంటకు రెండు అంగుళాల పైన తిప్పుతూ పట్టండి, మంటలో కాదు. మధ్యభాగం మెరిసి, మెత్తగా వంగుతుందనగా మంట మీంచి తీసేసి, ఒక్క క్షణం ఆగి, రెండు చేతులూ నిదానంగా బార చాపండి. తొందరగా లాగితే సన్నన, నిదానిస్తే లావు. వెంట్రుకకంటే సన్నటి ప్లాస్టిక్ తీగ మీటరు దాకా వస్తుంది. మొదటి పది తెగిపోతాయి, ఫ్రేములకేం కరువు. లావును బట్టి వేరు చేసి అట్టముక్క మీద అంటించుకోండి: మాస్టులను పట్టి ఉంచే మోకులకు లావువి, పొగగొట్టాల చుట్టూ కట్టే తీగలకు మధ్యరకం, రెండు మాస్టుల మధ్య వైర్‌లెస్ తీగలకు అన్నిటికంటే సన్నవి.

మాస్టు ముందుకో వెనక్కో లాగిపోకుండా, ముందు ఎదురెదురు మోకులు కట్టండి: ఒకటి అణియం వైపు, వెంటనే ఒకటి అమరం వైపు. డివైడరుతో దూరం కొలిచి, దానికంటే ఒక వెంట్రుక పొడవు ఎక్కువగా తీగ కోసి, కొసలకు తెల్ల జిగురు చుక్క తాకించి అమర్చండి. వదులుగా వేలాడుతున్నా కంగారు పడొద్దు. అగరుబత్తి వెలిగించి దాని నిప్పును తీగకు సెంటీమీటరు దూరంలో ఒక్క క్షణం చూపిస్తే తీగ దానంతటదే ముడుచుకుని బిగుసుకుంటుంది. రెండో క్షణం ఆగితే తెగుతుంది. ఈ పని చేసేటప్పుడు గదిలోకి ఎవరూ రాకుండా తలుపు గడియ పెట్టుకోండి. మా ఇంట్లో అగరుబత్తి వాసన వచ్చి, పూజ ఎప్పుడు మొదలెట్టావురా అని అమ్మ తలుపు తోసిన రోజు వైర్‌లెస్ తీగలు మళ్లీ మొదటి నుంచి కట్టాను.

పెట్టెలోకి

సముద్రం కావాలంటే చెక్క మీద నలిపిన టిష్యూ కాగితం ఫెవికాల్‌తో పరిచి, ఆరాక ముదురు నీలం ఆకుపచ్చ కలిపి, పైన నిగనిగలాడే వార్నిష్ మూడు పూతలు. అల తలల మీద తెలుపు కొద్దిగా. రాత్రి మద్రాసు కాబట్టి నేను నీలాన్ని నలుపు వైపు లాగాను.

గాజు పెట్టె లేకుండా ఓడను వదలకండి, దుమ్ము తుడవడానికి వచ్చే గుడ్డ ముందు కంచెలన్నీ వృథా. అయితే ఆఖరి సూపర్ గ్లూ చుక్క తర్వాత రెండు రోజులు మూత తీసే ఉంచండి, లేకపోతే ఆవిరి గాజు లోపలా, తీగల మీదా తెల్లటి పొరలా పేరుకుంటుంది. పెట్టెను కిటికీ ఎండకు ఎదురుగా పెట్టొద్దు, లాగిన ప్లాస్టిక్ తీగలు వేసవిలో వదులవుతాయి.

నా పెట్టెలో ఓడకు మూడే పొగగొట్టాలు. కాగితం గొట్టం పక్కనే అగ్గిపెట్టెలో దూది మీద ఉంటుంది. అప్పుడప్పుడు గోడ మీది కాగితం తీసేసి అక్టోబరు 28 అని ఇంకోటి అంటించి, ట్వీజర్‌తో దాన్ని తీసి నిలబెడతాను.